మూడవ పట్టీ

ఈ సంవత్సరపు సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, విషయమేమని అడిగితిని. "మీ యిష్టము" అనిరి. కావున సంచికకు సంచిని గూర్చియే వ్రాయ నిశ్చయించుకొంటిని. ఈ మాట విని తరగతిలోని బాలురు నవ్విరి. గణితోపాధ్యాయునకు సంచితో నేమి పనియని వారి యాశ్చర్యము. ఓపికతో తుదివరకు చదివినచో ఆ పని యెట్టిదో వారికే తెలియగలదు.

మా యిల్లు పాఠశాలకు ఆరు కిలోమీటర్ల దూరమున, బందరు కాలువ గట్టునకు సమీపమున నున్నది. ఆ గట్టు వెంబడి ప్రతిదినమును సైకిలుమీద వచ్చిపోవుట నాకు చిరకాలపు టలవాటు. వెనుక క్యారియరుమీద మా యక్కగారి కుమార్తె కూర్చుండును. ఎనిమిదేండ్ల బాలిక, మూడవ తరగతి చదువుచున్నది. ముందు హ్యాండిలుకు మా యిద్దరి భోజనపు క్యారేజీ వ్రేలాడుచుండును. 2022 వ సంవత్సరము జూను మాసమున నేనొక చిన్న ల్యాప్‌టాపును కొంటిని. దాని తెర 11.6 అంగుళములు, బరువు కిలోగ్రామున్నర కంటె తక్కువ. ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు, రేఖాగణిత చిత్రములు అన్నియు అందులోనే యుండును. రొక్కమునకు గాక వాయిదాలమీద కొన్న వస్తువగుటచే, దానియందు నాకు గల ప్రేమ కొంచెము మితిమీరియే యుండెను. ఇంటనున్న పాత భుజపు సంచిలో దానిని పెట్టుకొని, పట్టీని మెడమీదుగా అడ్డముగా వేసికొని, నిశ్చింతగా తిరుగుచుంటిని.

ఆగస్టు మాసమున నొకనాటి యుదయము, రాత్రి కురిసిన వానకు గట్టు జిగటగా నుండెను. కాలువలోనుండి యొక గేదె అకస్మాత్తుగా గట్టెక్కి మార్గమున కడ్డముగా నిలిచెను. నేను బ్రేకు నొక్కి ముందునకు వంగితిని. అంతవరకు వీపుమీద నున్న సంచి ప్రక్కకు జారి, పొట్టమీదికి వచ్చి, మోకాలికిని హ్యాండిలుకును నడుమ చిక్కుకొనెను. సైకిలు ఒరిగెను. ఆ క్షణమున నాకు ఒక చేయి ఖాళీగా నుండెను. ఆ చేతితో వెనుకనున్న బిడ్డను పట్టుకొనవచ్చును. ముందున్న సంచిని పట్టుకొనవచ్చును. ఏమియు ఆలోచించుట కవకాశము లేదు. నా చేయి సంచిని పట్టుకొనెను.

బిడ్డ గట్టు వాలున పడి నాలుగడుగులు జారి, తుమ్మమొక్క యడ్డము రాగా ఆగిపోయెను. కాలువ నీరు అచ్చటికి రెండు బారల దూరమున నున్నది. నేను పరుగెత్తి యెత్తుకొన్నప్పుడు ఆమె యేడ్చుచునే, "మామయ్యా, కంప్యూటరుకు దెబ్బ తగల్లేదు గదా?" అని యడిగెను. తగులలేదు. దానిమీద నొక గీతయైన పడలేదు. బిడ్డ యెడమ మణికట్టు ఎముక చిట్లినది. వైద్యులు పిండికట్టు వేసి, మూడు వారములు కదల్పరాదనిరి.

జరిగినదంతయు, నా చేయి దేనిని పట్టుకొనినదో సహా, మా యక్కకు చెప్పితిని. ఆమె చాల సేపు మాటాడలేదు. పిదప, "కట్టు విప్పిన మరునాడు మళ్లీ నీ సైకిలు మీదనే పంపుతానురా తమ్ముడూ" అనెను. తిట్టినయెడల సహింపగలిగి యుండెడివాడను. ఈ మాటకు మాత్రము తల యెత్తలేకపోతిని. ఆ మూడు వారములలో ఆ నమ్మకమునకు తగినవాడను కావలెనని సంచిని గూర్చిన విచారణ యారంభించితిని.

మొదట, సంచియే లేకుండ చేయవచ్చునా యని యోచించితిని. ల్యాప్‌టాపును హ్యాండిలుకు తగిలించినచో ఆ బరువు చక్రముతోపాటు ఇటునటు తిరిగి, సైకిలును త్రిప్పుట కడ్డు తగులును. క్యారియరుమీద బిడ్డ యుండును. లేకున్నను, గట్టుమీది గుంతల కుదుపంతయు ఇనుప కడ్డీలగుండ నేరుగా యంత్రమునకు తగులును. మనిషి వీపుమీద నున్నచో, కాళ్లు చేతులు వెన్నెముక ఆ కుదుపును చాలవరకు తామే మ్రింగివేయును. కనుక అది నా వీపుమీదనే యుండవలయును.

రెండు భుజములకు తగిలించుకొను వీపుసంచి అన్నిటికంటె నిలకడయైనదని ఒప్పుకొందును. ఒంటరిగా సైకిలెక్కు విద్యార్థులకు అదియే మేలు. నా చిక్కు వేరు. అట్టి సంచి అడుగుభాగమున ఉబ్బి యుండును. వెనుక కూర్చున్న బిడ్డ ముఖమునకు సరిగా అదే తగులును. నా నడుము పట్టుకొనుటకు ఆమెకు చోటుండదు. పలుచగా నుండి, వీపు పైభాగమున అంటుకొని యుండు భుజపు సంచి దొరికిన, క్రింద నడుము బిడ్డకు మిగులును.

ఒక శనివారము విజయవాడ పోయి బీసెంటు రోడ్డు అంగళ్లన్నియు తిరిగితిని. ఒకచోట తోలు సంచి చూపిరి. చూపునకు దొరతనము గలది గాని, ఖాళీ సంచియే నా ల్యాప్‌టాపంత బరువున్నది. వేరొకచోట పదునైదంగుళముల యంత్రములకై కుట్టిన సంచి చూపిరి. అందులో నా చిన్న యంత్రము డబ్బాలో చింతగింజవలె ఆడుచుండెను. సంచి బయట నిలకడగా నున్నను, లోపలి వస్తువు దొర్లుచున్నచో ప్రయోజనము లేదు. ఇంకొకదాని పట్టీ నున్నని నైలాను. చొక్కామీద నుంచగనే జారిపోవుచుండెను. తుదకు 900 రూపాయలకు గట్టి గుడ్డసంచి నొకదానిని కొంటిని. లోపల మెత్తని అరకు నా యంత్రము సరిగా పట్టెను. పట్టీ రెండంగుళముల వెడల్పు గల నూలుపట్టీ. మూత వాన చొరకుండ మూడు ప్రక్కల క్రిందికి దిగును.

దానిని పరీక్షింపకుండ నమ్మరాదనుకొని, ల్యాప్‌టాపునకు బదులు ఒక రాతిపలకను, ఒక కిలో బియ్యపు మూటను అందులో నుంచి, గట్టుమీద నొంటరిగా బయలుదేరితిని. తిన్నగా పోవునప్పుడు బాగుగనే యుండెను. మలుపు తిరుగగనే కొంచెము జారెను. బ్రేకు గట్టిగా నొక్కితిని. సంచి మరల ప్రక్కనుండి పొట్టమీదికి వచ్చెను! వెల మారెను, గుడ్డ మారెను, దోషము మాత్రము మారలేదు.

విసిగి, బస్సులాగు చోట చెట్టుక్రింద కూర్చుండి చెప్పులు, సంచులు కుట్టు ఒక వృద్ధునికి ఆ సంచి నిచ్చి, పట్టీని పొట్టిచేయుమంటిని. ఆయన దానిని నా భుజమునకు వేసి, నన్ను వంగుమని, లేవుమని, త్రిప్పి చూచి, చిన్నగా నవ్వి, "రెండు కొసలు కట్టిన ఉయ్యాల ఊగక ఏం చేస్తుంది మాస్టారూ? తాడు పొట్టి చేస్తే చిన్నగా ఊగుతుంది, అంతే. ఊగకుండా ఉండాలంటే మూడో చోట కట్టాలి" అనెను.

నేను నిశ్చేష్టుడనై నిలిచితిని. ఒకే సరళరేఖమీద లేని మూడు బిందువులు ఒక తలమును నిర్ణయించునని ఏండ్ల తరబడి బోధించినవాడను నేను. రెండు బందులున్న తరగతి తలుపును త్రిప్పి చూపి, "ఇది రెండు బిందువులగుండ పోవు రేఖచుట్టు తిరుగుచున్నది, గడియ వేయుట మూడవ బిందువు, ఇక కదలదు" అని ప్రతి సంవత్సరము చెప్పెడివాడను. ఆ తలుపే నా వీపుమీద తిరుగుచుండగా గుర్తింపలేకపోతిని. బల్లమీద వ్రాసిన పాఠము వీపువరకు చేరుటకు ఒక బిడ్డ చేయి విరుగవలసివచ్చెను.

ఆ వృద్ధుడు సంచి అడుగు మూలనుండి సన్నని పట్టీ నొకదానిని కుట్టెను. పెద్ద పట్టీ నా యెడమ భుజముమీదుగా రొమ్మున కడ్డముగా దిగి కుడి చంక క్రిందికి పోవును. ఈ సన్నపట్టీ ఎడమ చంక క్రిందుగా ముందునకు వచ్చి, రొమ్మువద్ద పెద్ద పట్టీకి ఒక ప్లాస్టిక్ బిళ్లతో తగులుకొనును. ఒక చేతితో నొక్కినచో ఊడిపోవలెనని ఆయనయే పట్టుపట్టెను. పడినప్పుడు సంచి మనిషిని కట్టివేయరాదు గదా! ఆయన పుచ్చుకొన్న కూలి 80 రూపాయలు.

ఈ మూడవ పట్టీ మా యూరివారే కనిపెట్టినదని నేను గర్వింపలేదు. పరదేశములలో నగర వీధులవెంట సైకిళ్లమీద కాగితములు చేరవేయు దూతలు ఇట్టి భుజపు సంచులనే వాడుచుండిరి. వారిలో నొకడైన రాబ్ హనీకట్ 1989 లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున తానే కుట్టుయంత్రము ముందు కూర్చుండి సంచులు కుట్టుట మొదలుపెట్టెను. ఆ వ్యాపారమే టింబక్‌టూ అను పేర ప్రసిద్ధమైనది. 1995 లో కొలరాడో రాష్ట్రమునందలి బౌల్డరులో ఆరంభమైన క్రోము అను సంస్థవారు తమ సంచుల పట్టీకి మోటారుకారు బెల్టు బిళ్లను అమర్చి, సులువుగా విప్పుకొను ఉపాయము చేసిరి. అట్టి సంచులలో అనేకములకు ఈ యడ్డపట్టీ కలదు. దినమంతయు సైకిలు త్రొక్కువారికి తెలిసిన సంగతి, చెట్టుక్రింద కూర్చున్న మా వృద్ధునికిని తెలిసియే యున్నది.

మరల పలకను బియ్యమును వేసికొని గట్టుమీదికి పోతిని. నాలుగు పరీక్షలు చేసితిని. పూర్తిగా ముందునకు వంగుట. వెనుకకు తిరిగి చూచుట. హఠాత్తుగా బ్రేకు నొక్కుట. సైకిలు ఒరుగుచుండగా కాలు మోపి దిగుట. నాలుగింటను సంచి వీపును విడువలేదు. అయినను ఒక వారము దినములు ఆ పలకతోనే తిరిగితిని. పలక పగులకుండ వారము గడచిన తరువాతనే అసలు యంత్రమును అందులో నుంచితిని.

ఇట్టి సంచి కొనదలచు విద్యార్థులకును తలిదండ్రులకును నేను చెప్పగలది కొంచెమే. ముందుగా యంత్రపు పొడవు వెడల్పులు కొలిచి, అర దానికి సరిపోవునట్లు చూడుడు. పట్టీ వెడల్పుగను, జారని దిగాను ఉండవలయును. సంచి పిరుదులమీద గాక వీపు పైభాగమున నుండునట్లు బిగింపుడు. యంత్రమును వీపువైపున నిలువుగా నుంచుడు. చార్జరు గడ్డ తెరను నొక్కకుండ వేరొక జేబులో నుంచుడు. తిరుగు పళ్లెము గల పాత హార్డుడిస్కు యంత్రమైనచో, సైకిలెక్కకముందే పూర్తిగా ఆపివేయుడు. తిరుగుచున్నప్పుడు కుదుపు తగిలినచో పళ్లెము గీచుకొనిపోవచ్చును. వానకాలమున లోపల నొక ప్లాస్టిక్ కవరు వేయుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మూడవ పట్టీ యున్నదో లేదో చూడుడు, లేనిచో కుట్టించుకొనుడు.

ఈ పట్టీవలన నేను మునుపటికంటె మంచివాడనైతినని చెప్పజాలను. ఆనాడు నా చేయి దేనిని పట్టుకొనినదో నాకు జ్ఞాపకమున్నది. ఆ జ్ఞాపకమును ఏ కుట్టుపనివాడును సరిచేయజాలడు. కాని మనస్సును నమ్ముకొనుటకంటె ముందు, అట్టి పరీక్ష మరల రాకుండ చేసికొనుట నాకు చేతనైన పని. సంచి తనంత తాను నిలిచియున్నచో, దానిని పట్టుకొనుటకు చేయి పోనక్కరలేదు.

మూడు వారములు గడచి కట్టు విప్పిరి. మరునాటి యుదయము మా యక్క బిడ్డకు జడ వేసి, తానే చేయి పట్టి క్యారియరుమీద కూర్చుండబెట్టెను. నేను రెండు పట్టీలను బిగించుకొని, నెమ్మదిగా బయలుదేరితిని. గట్టుమీద ఆ తుమ్మమొక్క వచ్చినప్పుడు బిడ్డ నా నడుమును గట్టిగా పట్టుకొనెను. "భయమా తల్లీ?" అంటిని.

"లేదు మామయ్యా. కొత్త సంచి బాగుంది. ఇదివరకు నా మోకాలికి తగిలేది" అనెను.

అంతకాలము ఆ సంచి బిడ్డ మోకాలికి తగులుచుండెననియు, ఆమె ఒక్కనాడైనను చెప్పలేదనియు నాకు అప్పుడే తెలిసినది.