పిలుపు వచ్చినప్పుడు

ఆటలో గెలుపు జట్టు అందరిదీ. కానీ ఆ గెలుపు కోసం పడిన శ్రమ మాత్రం అందరిదీ ఒకే తీరున లెక్కకు రాదు. శతకం సాధించిన ఆటగాని పేరు ఊరూరా మారుమోగుతుంది. ఎండలో రోజంతా బంతి వేసినవాని పేరు పత్రికలో ఒక మూల చిన్న అక్షరాలలో మిగిలిపోతుంది. అటువంటివారి జీవితాలను గురించి నన్ను ఆలోచింపజేసింది ఒక విద్యార్థి మాట.

నేను ఉపాధ్యాయునిగా పనిచేసిన డుంబ్రిగుడ అరకులోయకు చేరువలోని మండల కేంద్రం. చుట్టూ కొండలు, కాఫీ తోటలు, మెట్లు మెట్లుగా దిగే పొలాలు. వరి కోతలు ముగిసి నేల ఆరగానే పిల్లలు ఒక మడిని చదును చేసి క్రికెట్ మొదలుపెట్టేవారు. వారిలో ఒక కుర్రవాడు చక్కగా స్పిన్ వేసేవాడు. ఒకనాటి సాయంత్రం అతడు నాతో నడుస్తూ, "మాస్టారూ, అందరూ అలసిపోయాకనే నన్ను పిలుస్తారు. గెలిస్తే నా మాటే ఎత్తరు. ఇంకెందుకండీ ఆడటం?" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్న బాధే ఎక్కువగా వినిపించింది.

అమెరికావారి బేస్‌బాల్ ఆటలో ఇటువంటివారికి ఒక ప్రత్యేక స్థానమే ఉంది. అక్కడ బంతి విసిరేవానిని పిచర్ అంటారు. మొదటి పిచర్ అలసినా, తడబడినా అతని స్థానంలో దిగేవాడు రిలీఫ్ పిచర్. మైదానం అంచున భుజాన్ని సిద్ధం చేసుకుంటూ అతడు పిలుపు కోసం ఎదురుచూస్తాడు. పిలుపు వచ్చేసరికి తరచుగా ఆట చిక్కుల్లో పడి ఉంటుంది. వీరిలో కొందరు జట్టు తరువాత జట్టు మారుతూ, ఊళ్ళు తిరుగుతూ, గొప్ప పేరేదీ రాకుండానే తమ క్రీడాజీవితం ముగిస్తారు.

మన క్రికెట్‌లో ఈ కోవకు దగ్గరగా నాకు తోచే వ్యక్తి హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ కన్వల్‌జీత్ సింగ్. ఆయన జన్మించినది 1958లో. ఆయన కాలంలోనే అదే నగరం నుండి శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్ అనే మరి ఇద్దరు ఆఫ్‌స్పిన్నర్లు ఎదిగారు. శివలాల్ 35 టెస్టులు, అర్షద్ 13 టెస్టులు ఆడారు. కన్వల్‌జీత్‌కు ఒక్క టెస్టయినా దక్కలేదు. అయినా ఆయన బంతిని విడువలేదు. 1999-2000 రంజీ పోటీలలో, 41 ఏళ్ళ వయసులో, 62 వికెట్లు తీశాడు. ఆ ఏడాది హైదరాబాద్ ఫైనల్‌కు చేరి ముంబయి చేతిలో ఓడింది. అదే పోటీలలో వి.వి.ఎస్. లక్ష్మణ్ చేసిన 1,415 పరుగులు అందరికీ గుర్తే. ఆ 62 వికెట్లు ఎందరికి గుర్తున్నాయి?

ఆయన ఒంటరివాడు కాదు. హర్యానాకు ఆడిన రాజిందర్ గోయల్ రంజీలో 637 వికెట్లు తీశాడు. ముంబయికి ఆడిన పద్మాకర్ శివాల్కర్ కూడా వందల వికెట్లు పడగొట్టాడు. ఇద్దరూ ఎడమచేతి స్పిన్నర్లే. అదే విద్యలో బిషన్ సింగ్ బేడీ ఉన్న కాలమది. ఇద్దరికీ టెస్టు అవకాశం రాలేదు. చివరకు 2017లో భారత క్రికెట్ బోర్డు వారికి సి.కె. నాయుడు పేరిట ఉన్న జీవన సాఫల్య పురస్కారం అందించింది. భారత తొలి టెస్టు సారథియైన తెలుగు బిడ్డ పేరిట గల గౌరవం వారికి దక్కింది. అప్పటికి ఇద్దరూ వృద్ధులు.

ఇది న్యాయమేనా అంటే, అవునని నేను చెప్పలేను. ప్రతిభ ఉన్నవారు ముగ్గురైనప్పుడు, స్థానం ఒక్కటే అయినప్పుడు, ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది. ఓర్పు వహిస్తే పిలుపు తప్పక వస్తుందని ఆ కుర్రవానికి నేను చెప్పలేదు. కన్వల్‌జీత్ కథ మాత్రం చెప్పాను. ఎంపిక ఇతరుల చేతిలోనిది. కానీ బంతి చేతికి వచ్చిన క్షణంలో దానిని ఎలా వేయాలన్నది పూర్తిగా మనదే. 41వ ఏట ఆయన వేసిన బంతులు ఎవరి మెప్పు కోసమూ వేసినవి కావని నా నమ్మకం. ఆ విద్య మీద ప్రేమ లేనిదే అన్నేళ్ళు వేయడం సాధ్యం కాదు.

మన చుట్టూ ఇటువంటివారు ఎందరో. గాలివానకు తీగ తెగిన రాత్రి కొండెక్కే లైన్‌మన్, సెలవు పెట్టినవారి బదులు అర్ధరాత్రి విధికి వచ్చే నర్సు, పండుగనాడు బస్సు నడిపే డ్రైవర్. పని సవ్యంగా సాగినంతకాలం వారు మనకు కనిపించరు. వారి పేర్లు తెలుసుకొని పిలవడం మనం చేయగలిగిన కనీస గౌరవం. మన వంతు వచ్చిననాడు సిద్ధంగా ఉండటం మనకు మనం చేసుకొనే గౌరవం.