చోర్ బజారులో రెండు పుష్పవిలాపాలు

గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో తూర్పువైపు దిగి మౌలానా షౌకతలీ రోడ్డు పట్టుకుని నడిస్తే ఎడమచేతివైపు కామాఠీపురా సందులు వస్తాయి. ఆ పేరు వినగానే ముంబైలో చాలామంది ముఖం అదోలా పెడతారు గాని, అది మనవాళ్ళ పేరే. తెలంగాణ ప్రాంతం నుంచి వచ్చి మట్టి మోసి, గోడలు కట్టిన తెలుగు కూలీలను ఇక్కడ కామాఠీలన్నారు. వాళ్ళు కాపురమున్న చోటు కామాఠీపురా అయింది. అది దాటి ఇంకాస్త ముందుకు పోతే చోర్ బజారు. అక్కడ మటన్ స్ట్రీట్‌లో పాత గ్రామఫోను రికార్డులు దొరుకుతాయి. శుక్రవారం దుకాణాలు మూసి వీధిలో సంత పెడతారు. మా బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు కనుక నాకు శనివారమే వీలు.

నేను వెళ్ళింది ‘పుష్పవిలాపం’ కోసం. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పద్యాలు, ఘంటసాల గానం. మా చిన్నప్పుడు ఇంట్లో 78 స్పీడు ప్లేటు ఉండేది. పది అంగుళాల ఆ ప్లేటు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పాడదు. అందుకని పద్యాలు సగం ఇటు, సగం అటు. మొదటి వైపు అయిపోగానే నాన్నగారు ముల్లు పైకెత్తేవారు. వెంటనే తిప్పేవారు కారు. మేం పిల్లలం మరాఠీ బడిలో చదివినవాళ్ళం, పద్యంలో సగం మాటలు తెలిసేవి కావు. పువ్వు తనను కోయవచ్చిన మనిషితో ఏమంటోందో ఆ విరామంలోనే చెప్పి, ఇక విను అన్నట్టు రెండో వైపు పెట్టేవారు.

ఆ ప్లేటు నా చేతిలోనే పగిలింది. ఇల్లు మారుతున్నప్పుడు పెట్టె జారవిడిచాను. లక్కతో చేసిన ప్లేట్లు అప్పడాల్లా విరుగుతాయి. నాన్నగారు ఒక్క మాట అనలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది గాని ఆ చప్పుడు నాకింకా గుర్తే.

దుకాణదారు పెద్దాయన. తెలుగు రాదు గాని లేబిల్ మీద ఘంటసాల బొమ్మ చూసి గుర్తుపడతాడు. రెండు తీసి పెట్టాడు. ఒకటి 78 ప్లేటు. ఇంకొకటి పుష్పవిలాపంతోపాటు మరికొన్ని పద్యాలూ పాటలూ ఉన్న ఎల్పీ. నిమిషానికి 33⅓ చుట్లు మెల్లగా తిరుగుతుంది, గాడులూ సన్నం, కాబట్టి ఒక వైపే ఇరవై నిమిషాలకు పైగా పాడుతుంది. “పెద్ద ప్లేటు తీసుకోండి సాబ్, తెగదు” అన్నాడు. తెగడమంటే ఏమిటో చూపించడానికి ‘బర్సాత్ కీ రాత్’ (1960) ఖవ్వాలీ ప్లేట్లు తీశాడు. పన్నెండు నిమిషాల పాటను ముక్కలు చేసి పక్కపక్క ప్లేట్లలో పెట్టారు. ఒక ముక్క అయ్యాక లేచి ప్లేటు మార్చాలి. వేడెక్కిన ఖవ్వాలీ అంతలో చల్లారిపోదూ!

రెండూ వినిపించాడు. 78లో వానలాంటి గరగర. ఎల్పీలో ఆ గరగర తక్కువ, హార్మోనియం తీరుగా వినిపించింది. అన్నిటికన్నా, పద్యాలు ఏకబిగిన సాగాయి. కవి రాసింది అలాగే కదా, మధ్యలో కోసింది కంపెనీవాళ్ళ ప్లేటు కొలత. లెక్క వేసుకున్నాను. ఎల్పీ 600, 78 ప్లేటు 400. రెండు వందలు ఎక్కువైనా ఎల్పీలో సరుకు ఎక్కువ, విరిగే భయమూ లేదు. అదే కొన్నాను.

ఆ సాయంత్రం అమ్మను కూర్చోబెట్టి పెట్టాను. కళ్ళు మూసుకుని వింటోంది. సరిగ్గా సగానికి వచ్చేసరికి కళ్ళు తెరిచి నావైపు చూసింది. ముల్లు ఆగలేదు. పద్యం సాగిపోయింది. అయిపోయాక “బాగుందిరా. తిప్పకుండానే అయిపోయిందే” అంది. అంతకుమించి అనలేదు.

రెండు వారాలు ఆగి నాలుగో శనివారం మళ్ళీ వెళ్ళాను. ప్లేటు ఇంకా ఉంది. అంచున వెంట్రుకంత చీలిక ఉన్నా గాడుల్లోకి పోలేదు. పెద్దాయన నవ్వి, యాభై తగ్గించాడు. నిలువుగా పట్టుకుని, లోకల్ బండిలో ఎవరి మోచెయ్యీ తగలకుండా మూలన నిలబడి తెచ్చాను. మా పాత ప్లేయరు ముల్లుకు రెండు కొసలుంటాయి, ఒకటి ఎల్పీకి, ఒకటి 78కి. ఈ ప్లేట్ల గాడులు ఎల్పీకన్నా మూడింతలు వెడల్పు. ఎల్పీ ముల్లుతో పెడితే గరగర తప్ప ఏమీ మిగలదు.

మొదటి వైపు అయింది. ముల్లెత్తాను. మా అమ్మాయి సెల్‌ఫోనులోంచి తలెత్తి, “అయిపోయిందా? ఆ పువ్వు ఏమంది నానమ్మా?” అంది. నేను ప్లేటు తిప్పబోతుంటే అమ్మ చేత్తో ఆగమంది.

“ఇలా దగ్గరికి రావే,” అని మొదలుపెట్టింది. నాన్నగారు చెప్పిన మాటలే, ఆయన ఆగినచోటల్లా ఆగుతూ. ప్లేటు ఊరికే తిరుగుతూనే ఉంది. నేను ఆపలేదు.