ప్రెసిడెంట్ పదవి పోయాక...

అమెరికా తొలితరం ప్రెసిడెంట్లు అనగానే వాషింగ్టన్, జెఫర్సన్ గుర్తొస్తారు. నాకు మాత్రం ఆరో ప్రెసిడెంట్ జాన్ క్విన్సీ ఆడమ్స్ అంటే ఇష్టం. నిజం చెప్పాలంటే, ప్రెసిడెంట్‌గా ఆయన పెద్దగా సాధించిందేమీ లేదు. 1828లో ఆండ్రూ జాక్సన్ చేతిలో ఓడిపోయాడు. తండ్రి జాన్ ఆడమ్స్ కూడా ఒక్క టర్మ్‌తోనే ఇంటికి వెళ్లినవాడే.

అసలు కథ ఆ తర్వాతే. 1830లో మసాచుసెట్స్ నుంచి ప్రతినిధుల సభకు మామూలు సభ్యుడిగా గెలిచాడు. అలా పదిహేడేళ్లు.

1836లో ఆ సభ ఒక రూల్ పెట్టుకుంది. బానిసత్వం గురించి జనం ఏ అర్జీ పంపినా చర్చ లేకుండా పక్కన పడేయాలి. ఆడమ్స్ ఊరుకుంటేనా! ఒక అర్జీ ఆపితే ఇంకోటి తీసేవాడు. 1837లో ఓ రోజు లేచి, బానిసలే పంపినట్టున్న అర్జీ నా దగ్గరుంది, ఇది కూడా ఈ రూల్ కిందికే వస్తుందా అని స్పీకర్‌ని అడిగాడు. సభంతా గగ్గోలు. ఈయన్ని శిక్షించాల్సిందేనని కేకలు. తీరా చూస్తే, అందులో కోరింది బానిసత్వాన్ని రద్దు చేయొద్దని! ఈ కొంటెతనం నాకు భలే నచ్చింది. మొత్తానికి 1844 డిసెంబర్‌లో ఆ రూల్ ఎత్తేశారు.

ఈ మధ్యలోనే, 1841లో, ఆమిస్టాడ్ ఓడలో తిరగబడిన ఆఫ్రికన్ల తరఫున సుప్రీంకోర్టులో వాదించాడు. అప్పటికి 73 ఏళ్లు. వాళ్లు స్వేచ్ఛగా బయటపడ్డారు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. 1820లోనే డైరీలో బానిసత్వాన్ని దుమ్మెత్తిపోసిన మనిషి, ప్రెసిడెంట్‌గా ఉన్నన్నాళ్లూ దాని జోలికి పోలేదు. పైగా, 1812 యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ల వెంట వెళ్లిపోయిన బానిసలకు గాను యజమానులకు పరిహారం రాబట్టింది ఆయన ప్రభుత్వమే. కుర్చీ పోయాక నోరు తెరవడం ఏం గొప్ప అని మా ఫ్రెండ్ ఒకడు వాదిస్తాడు. వాడి మాట సగం ఒప్పుకుంటా. కానీ చంపుతామని ఉత్తరాలొస్తున్నా, సొంత సభే రెండుసార్లు అభిశంసించబోయినా ఆయన ఆగలేదు. పరువుగా ఇంట్లో కూర్చుని డైరీ రాసుకున్నా అడిగేవాళ్లు లేరు కదా.

1848 ఫిబ్రవరి 21న సభలో తన బల్ల దగ్గరే కుప్పకూలాడు. కదిలించలేక స్పీకర్ గదిలో పడుకోబెట్టారు. రెండు రోజుల తర్వాత అక్కడే పోయాడు. ఆ సభలో ఇల్లినాయిస్ నుంచి తొలిసారి గెలిచొచ్చిన ఓ సభ్యుడుండేవాడు, పేరు అబ్రహాం లింకన్.