చెరిపివేసిన తప్పు

పిల్లల పుస్తకాన్ని సినిమాగా తీసేవారు కథను కుదించక తప్పదు. వందల పుటలను రెండు గంటల్లో చూపాలంటే కొన్ని ఘట్టాలు పోతాయి. అందులో ఆక్షేపించవలసినది లేదు. అయితే కథకు ప్రాణమైన దానినే తొలగిస్తే మిగిలేది ఏమిటి?

ఐర్లండ్ రచయిత ఓయిన్ కోల్ఫర్ 2001లో ప్రారంభించి, 2012 నాటికి ఎనిమిది భాగాలుగా ముగించిన ‘ఆర్టెమిస్ ఫౌల్’ నవలల విషయంలో ఇదే జరిగింది. మొదటి నవలలో ఆర్టెమిస్ 12 ఏళ్ల బాలుడు. గొప్ప మేధావి, అంతకు మించిన స్వార్థపరుడు. భూగర్భంలో నివసించే మాయాజాతికి చెందిన హాలీ అనే అధికారిణిని అపహరించి, విడుదలకు ఒక టన్ను బంగారం కోరతాడు. అదే ఇంట్లో, కనిపించకుండా పోయిన భర్త కోసం దుఃఖించి మతి చలించిన అతని తల్లి మంచం పట్టి ఉంటుంది. తీరా బంగారం చేతికందాక ఆర్టెమిస్ అందులో సగం వదులుకొని, తల్లికి స్వస్థత చేకూర్చమని తాను బంధించిన హాలీనే అర్థిస్తాడు.

లాక్‌డౌన్ రోజుల్లో, ఎర్రగుంట్లలోని మా ఇంట ఇషా నమాజు తరువాత ఈ ఇంగ్లీషు నవలను మా అక్క కుమారునికి తెలుగులో చెబుతూ వచ్చాను. సగం బంగారం ఘట్టం వద్ద వాడు చాలాసేపు మౌనంగా ఉండిపోయాడు.

కెన్నెత్ బ్రానా దర్శకత్వం వహించిన సినిమా థియేటర్లకు రాకుండా, 2020 జూన్ 12న నేరుగా డిస్నీ ప్లస్‌లో విడుదలైంది. ఎంతో ఆశతో చూశాము. అందులో తల్లి కనిపించదు. ఆర్టెమిస్ అపహరణకు గురైన తండ్రి కోసం తపించే బుద్ధిమంతుడు. హాలీని బంధించినా కాసేపటికే ఇద్దరూ స్నేహితులవుతారు.

“ఖాలా, వీడు ముందే మంచోడు గదా, మారేదానికి ఏముంది?” అన్నాడు మావాడు.

కల్పిత కథను దైవవాణితో పోల్చడం నా ఉద్దేశం కాదు. కాని ఆ మాట వినగానే సూరా యూసుఫ్ స్ఫురించింది. అన్నలు తమ్ముణ్ణి బావిలో పడవేసిన వైనాన్ని దివ్య ఖుర్‌ఆన్ దాచలేదు. అది తెలిసినందువల్లనే, ఈజిప్టులో వారు తమ తప్పు ఒప్పుకున్నప్పుడు యూసుఫ్ (అలైహిస్సలాం) చూపిన క్షమాగుణం మన హృదయాలను తాకుతుంది.

మన పిల్లలూ అబద్ధమాడతారు, తోబుట్టువుల వస్తువులు దాచుకుంటారు. ఏ తప్పూ చేయని కథానాయకుడు వారికి చెప్పగలిగేది స్వల్పం. తప్పు చేసి, దాని మూల్యం చెల్లించి మరలిన బాలుని కథలో వారికి తౌబా ద్వారం కనిపిస్తుంది. అందుచేత తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: వీలైతే పిల్లలకు ముందు పుస్తకం చదివి వినిపించండి. సినిమా తరువాత చూడవచ్చు.