ఇంతకీ ఆ చేప ఎండిందా?

నిన్న రాత్రి కరెంటు పోయింది. ట్యాబ్‌లో చార్జింగ్ లేదు. పిల్లలకి ఇక మిగిలింది నేనే.

ఏడు చేపల కథ ఎత్తుకున్నాను.
పెద్దది మొదట్లోనే అడ్డం పడింది. "రాజుగారి కొడుకులు కదా, చేపలు వాళ్లే ఎండబెట్టుకున్నారా? పనివాళ్లు లేరా?"
ఏదో చెప్పి దాటేశాను.

ఏడింటిలో ఒక చేప ఎండలేదు. ఎందుకని గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ... ఎవర్ని అడిగినా తప్పు పక్కవాళ్ల మీదకి తోసేయడమే. అచ్చం మా ఆఫీసులో సోమవారం మీటింగు! ఒక్క చీమ మాత్రం కుట్టానని ఒప్పుకుంది, ఎందుకో కూడా చెప్పింది.

అయిపోయిందనుకుని దుప్పటి కప్పబోతుంటే చిన్నోడు అడిగాడు.
"ఇంతకీ చేప ఎండిందా నాన్నా?"

నిజమే కదండీ!
మా నాయనమ్మ దగ్గర ఈ కథ ఎన్నిసార్లు విన్నానో. ఒక్కసారీ ఈ సందేహం రాలేదు. చీమ దాకా వచ్చేసరికి చేపని అందరం మర్చిపోతాం. కారణం దొరికింది, చేప మాత్రం పచ్చిగానే ఉంది.

"తీసి ఎండలో పెడితే సరిపోయేదిగా, అంతమందిని అడగడమెందుకు?" అని పెద్దదాని తీర్పు.
చిన్నోడు ఒప్పుకోలేదు. చేప ఇంకా బతికే ఉందట, చెరువులో వదిలేయాలట. ఇద్దరూ దానిమీద కాసేపు కొట్టుకున్నారు. "పడుకోబెట్టమంటే పంచాయితీ పెట్టావా?" అని వంటింట్లోంచి వాళ్లమ్మ.

మీ అమ్మమ్మలూ నాయనమ్మలూ చేప సంగతి ఏమైనా తేల్చారా?
తెలిస్తే కింద రాయండి. ఇవాళ రాత్రికి జవాబు చెప్తానని మాటిచ్చేశాను.