టైగర్ హాస్టల్‌కెళ్లిన వేళ...

ఊరెళ్లాలంటే ఎంత పని? గ్యాస్ కట్టేయాలి, పాలవాడికి చెప్పాలి, పేపరు ఆపమనాలి, తాళం లాగి చూసుకోవాలి. అంతే! కానీ ఇంట్లో కుక్క ఉంటే... ఆ తాళం అంత తేలిగ్గా పడదు. ఆ సంగతి మాకు నాన్న పోయాకగానీ తెలియలేదు. ఎందుకంటే, అప్పటిదాకా మా ఇంటికి అసలు తాళమే పడలేదు.

మా కుక్క పేరు టైగర్. పేరుకే పులి. దీపావళి టపాకాయల చప్పుడు వినిపిస్తే మంచం కిందికి దూరి మర్నాటిదాకా రాదు. జాతి ఏమిటని ఎవరైనా అడిగితే 'మల్కాజిగిరి జాతి' అనేవారు నాన్న. ఎనిమిదేళ్ల కిందట ఓ వానాకాలం సాయంత్రం పాల ప్యాకెట్ కోసమని వెళ్లిన మనిషి ఓ చేతిలో పాలూ, ఇంకో చేతిలో తడిసి వణుకుతున్న కుక్కపిల్లతో తిరిగొచ్చారు. 'రెండ్రోజులుంచి పంపేద్దాం' అన్నారు. ఆ రెండ్రోజులు ఇప్పటికీ పూర్తికాలేదు.

అప్పట్నుంచీ మా ఇంట్లో పెళ్లికెళ్లినా, పేరంటానికెళ్లినా ఒకటే మాట. 'మీరెళ్లి రండి. టైగర్‌ని నేను చూసుకుంటాలే.' అమ్మకి కాశీ చూడాలని ఎప్పట్నుంచో కోరిక. ఏటా కార్తీకం రాగానే మొదలుపెట్టేది. ఏటా నాన్న సమాధానం కూడా ఒకటే. 'దీన్నెక్కడ వదలను?' రైల్లో తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనమే తీసుకోవాలి. లేదంటే గార్డు పెట్టెలో పంపాలి. 'టపాకాయకే వణికేవాడు గార్డు పెట్టెలో ఎలా ఉంటాడే' అనేవారు. 'ధర్మరాజు కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడట. ఈయన కాశీకి రానంటున్నాడు' అని అమ్మ దెప్పేది. నవ్వుతూనే అనేది. కానీ ఆ నవ్వు వెనక కొంచెం కోపం ఉండేది. అది మా అందరికీ తెలుసు.

చివరికి కాశీ చూడకుండానే నాన్న వెళ్లిపోయారు.

మూడురోజుల పాఠం

నాన్న పోయిన నాలుగో నెల్లో విజయవాడ నుంచి ఫోన్. మా మామగారికి ఉన్నట్టుండి ఆపరేషన్. అందరం బయల్దేరాలి. బట్టలు సర్దేశాక మా ఆవిడ అడిగింది... 'మరి టైగర్?' ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. 'టైగర్‌ని నేను చూసుకుంటాలే' అనే గొంతు కోసం ఎదురుచూసినట్టున్నాం కాబోలు, కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అప్పటికప్పుడు ఎవరో ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. కుక్కల్ని ఉంచుకునే కెన్నెల్. గంటలో వ్యాన్ వచ్చింది. టీకాల కార్డు అడగలేదు. ఏం తింటాడని అడగలేదు. 'మేం చూసుకుంటాం సార్' అని తాడు అందుకుని ఎక్కించేసుకున్నారు. అడగకపోవడం చూసి 'ఎంత అనుభవమో' అనుకున్నాను. అమాయకుణ్ని!

మూడురోజులూ పొద్దునా సాయంత్రం ఫోన్ చేశాను. ప్రతిసారీ 'సూపర్‌గా ఉన్నాడు సార్' అనే జవాబు. తిరిగొచ్చాక చూస్తే టైగర్ గొంతు పోయింది. మొరగబోతే గాలి తప్ప శబ్దం లేదు. మూడురోజులూ మొరిగిమొరిగి బొంగురుపోయాడన్నమాట. చెవుల వెనక గోమార్లు. నాలుగోరోజుకి దగ్గు... గొంతులో ఏదో అడ్డంపడ్డట్టు, కక్కబోయి ఆగిపోయినట్టు. డాక్టరు చూడగానే 'హాస్టల్లో పెట్టారా?' అన్నారు. కెన్నెల్ కాఫ్ అట. కుక్కలు గుంపుగా ఉండేచోట మన జలుబులాగే గాలిద్వారా అంటుకుంటుంది. సోకిన రెండు రోజుల నుంచి రెండువారాల్లోపు బయటపడుతుంది. మావాడికి పదిరోజుల మందుల్తో తగ్గిపోయింది. తగ్గనిది మాత్రం అమ్మ అన్న ఒక్కమాట. 'మీ నాన్న ఉంటేనా...' అంది. అంతే, మిగతాది అనలేదు. అనాల్సిన పనేముంది?

నన్నే ఇంటర్వ్యూ చేశారు!

సంవత్సరీకం దగ్గరపడింది. అది కాగానే కాశీ వెళ్లి, గయలో నాన్నకి పిండప్రదానం చేయాలన్నది అమ్మ కోరిక. ఎనిమిదిరోజుల ప్రయాణం. 'దీన్ని మళ్లీ అలాంటి చోట వదిలేట్టయితే నేను రాను' అని ముందే చెప్పేసింది. అచ్చం నాన్న గొంతే!

ఈసారి నెల ముందే వెతకడం మొదలుపెట్టాను. మొదట వెళ్లినచోట ఆఫీసుగది దాటి లోపలికి రానివ్వలేదు. ఫొటోలు చూసుకోమన్నారు. చూడనివ్వని చోట వదలకూడదని డాక్టరుగారు ముందే చెప్పారు. వెనక్కొచ్చేశాను. రెండోచోట లోపలికి రానిచ్చారు. గేటు దగ్గరే ముక్కులు పగిలే ఫినాయిల్ వాసన. నేలంతా తడి. నలభై దాకా కుక్కలకి ఒకే ఒక్క కుర్రాడు. రాత్రిళ్లు ఎవరుంటారంటే 'తాళం వేసుకుని వెళ్తాం సార్' అన్నాడు. అర్ధరాత్రి కుక్కకి ఏమైనా అయితే? అడగలేదు. అతనికి మాత్రం ఏం తెలుస్తుంది?

మూడోది శామీర్‌పేట దాటాక, ఓ మామిడితోట పక్కన. ఏసీ లేదు, ఈతకొలనూ లేదు. రేకుల షెడ్డు. కానీ నేల పొడిగా ఉంది. పడుకోవడానికి చెక్కపలకలున్నాయి. నీళ్లగిన్నెల్లో పాచి లేదు. గేట్లు రెండున్నాయి... ఒకటి మూశాకే రెండోది తెరుస్తారు. సందులోంచి తుర్రుమనే అవకాశమే లేదు. రాత్రిళ్లు అక్కడే పడుకునే మనిషి ఉన్నాడు.

ఆ కెన్నెల్ నడిపే ఆవిడ ఓ పుస్తకం తెరిచి కూర్చుంది. నేను విలేకరిని. ప్రశ్నలడగడం నా పని. ఆరోజు మాత్రం నన్నే ఇంటర్వ్యూ చేసింది! యాంటీ రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు? డిస్టెంపర్, పార్వోలకు కలిపి ఏటా వేసేది వేయించారా? కెన్నెల్ కాఫ్ టీకా వేయించకపోతే ఇప్పుడు వేయించండి... కనీసం రెండువారాల ముందు పడితేనే ఇక్కడికొచ్చేసరికి పనిచేస్తుంది. గోమార్లమందు ఎప్పుడు వాడారు? ఏం తింటాడు, ఎన్నింటికి? తినేటప్పుడు గిన్నె ముట్టుకుంటే కరుస్తాడా? గోడ దూకుతాడా? దేనికి భయం? మీ డాక్టరెవరు? మీ ఫోన్ కలవకపోతే ఎవరికి చెప్పాలి? అత్యవసరమైతే మిమ్మల్ని అడక్కుండా ఎంతవరకు ఖర్చుపెట్టొచ్చు?

చివరి ప్రశ్నకి కాస్త కంగారుపడ్డాను. ఆవిడ మాత్రం మామూలుగానే చెప్పింది. 'మీరు రైల్లో సిగ్నల్ లేనిచోట ఉంటారు. నేను మీ ఫోన్ కోసం చూస్తూ కూర్చోలేను కదండీ.' అది కాగితం మీద రాయించి సంతకం తీసుకుంది. టీకాలు పూర్తికాని పిల్లల్నీ, ఎదకొచ్చిన ఆడకుక్కల్నీ తీసుకోదట. బాగా ముసలివాటినీ, జబ్బుచేసినవాటినీ ఇక్కడికన్నా ఇంట్లోనే తెలిసినవాళ్లెవరితోనైనా చూసుకునే ఏర్పాటు చేయమంటుందట. వచ్చిన బేరాన్ని వద్దనే మనిషిని చూశాక నాకు నమ్మకం కుదిరింది.

'ముందు ఒక్క రాత్రి వదిలి చూడండి. మీరు మళ్లీ వస్తారని వాడికి తెలియాలి' అంది. తెలియాల్సింది వాడికే కాదు, మాక్కూడా. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. పొద్దున్నే వెళ్లేసరికి టైగర్ పక్కగదిలో లాబ్రడార్‌ని చూసి తోకూపుతున్నాడు.

ఇంటి వాసనున్న గుడ్డ

వదిలేటప్పుడు ఏమేం తేవాలో ఆవిడ చీటీ రాసిచ్చింది. ఎనిమిది రోజులకీ వాడు తినే ఆహారం... తిండి ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయట. టీకాల కార్డు. మెడపట్టీకి ఫోన్ నంబరున్న బిళ్ల. ఇక ఆఖర్న 'ఇంటి వాసన ఉన్న పాత గుడ్డ ఒకటి. ఉతకనిది' అని ఉంది.

ఇదేదో ఆవిడ నమ్మకమనుకున్నాను. కాదట. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బర్న్స్ అనే శాస్త్రవేత్త బృందం పన్నెండు కుక్కలకి రకరకాల వాసనలు చూపించి, ఆ సమయంలో వాటి మెదడు స్కానింగ్ తీసింది. తమ మనిషి ఆ చుట్టుపక్కల లేకపోయినా సరే, ఆ వాసన తగిలేసరికి మెదడులో సంతోషం కోసం ఎదురుచూసే భాగం మిగతా వాసనలన్నిటికన్నా ఎక్కువగా స్పందించిందట. 2015లో అచ్చయిన అధ్యయనమది.

నా బనియనొకటి తీసి సంచిలో పెడుతుంటే అమ్మ చూసింది. ఏమీ అనకుండా లోపలికెళ్లి బీరువా తెరిచింది. కాసేపటికి ఓ ప్లాస్టిక్ కవరుతో వచ్చింది. అందులో నాన్న తువ్వాలు. ఆస్పత్రికి వెళ్లేరోజు పొద్దున ఆయన భుజం మీదున్నది. ఏడాదిగా ఉతక్కుండా దాచుకుందని మాకెవరికీ తెలియదు.

'వద్దమ్మా, అక్కడ చింపేస్తాడు. పోయినా పోతుంది' అన్నాను.

'పోతే పోయిందిలేరా. నేను దాచుకుని ఏం చేస్తాను? వాడికే అవసరం' అంది.

శామీర్‌పేటలో దిగేటప్పుడు ఆవిడ ముందే హెచ్చరించింది. 'ఇక్కడ పట్టుకుని ఏడవకండి. మీరు కంగారుపడితే వాడూ పడతాడు. తాడు ఇచ్చేసి మామూలుగా వెళ్లిపోండి.' అలాగే వచ్చేశాం. ఆటో ఎక్కాక మావాడు... పదేళ్లవాడు... కిటికీ లేని వైపు ఎందుకు తిరిగి కూర్చున్నాడో నేను అడగలేదు.

'తినలేదు సార్'

మర్నాడు రైల్లో ఉండగా ఫోన్. 'నిన్నట్నుంచీ తినలేదు సార్. నీళ్లు తాగుతున్నాడు. జ్వరం లేదు. కొత్తచోట మొదటిరోజు చాలామంది ఇంతే. రేపటికీ తినకపోతే డాక్టర్ని పిలుస్తాను' అంది. గుండె జారిపోవాల్సిన మాట. చిత్రంగా నాకు ధైర్యమొచ్చింది. మొదటిచోట 'సూపర్‌గా ఉన్నాడు' అన్నవాళ్ల మాటకంటే, 'తినలేదు' అన్న ఈవిడ మాట మీద నిద్రపట్టింది. రెండోరోజు సగం గిన్నె. మూడోరోజు మొత్తం గిన్నె.

గయలో ఫల్గు నది ఒడ్డున పిండప్రదానం ముగిసి మెట్లమీద కూర్చున్నాం. ఫోన్ మోగింది. వాట్సాప్‌లో వీడియో. మామిడినీడలో టైగర్ పడుకుని ఉన్నాడు. గడ్డం కింద నాన్న తువ్వాలు. ఒక చివర బురద, ఇంకో చివర చిరుగు. అమ్మకి చూపించాను. కొంగుతో ఫోన్ తుడిచి మళ్లీ చూసింది. మూడోసారీ చూసింది.

కాశీకీ, గయకీ వెళ్తే ఇష్టమైంది ఏదో ఒకటి వదిలేసి రావాలంటారు కదా. సపోటాపండు వదిలేశానంది అమ్మ. చాలామంది కాకరకాయ వదిలేసి తెలివిగా వచ్చేస్తుంటారు. అమ్మ మాత్రం నిజంగా ఇష్టమైందే వదిలింది.

తిరిగొచ్చాక...

మమ్మల్ని చూడగానే ఎగిరి మీద పడతాడనుకున్నాం. పడలేదు. వచ్చి ఒక్కొక్కర్నీ వాసన చూశాడు, హాజరు తీసుకున్నట్టు. అమ్మ దగ్గర ఆగిపోయి, తల ఆమె మోకాళ్లకి ఆనించాడు. కెన్నెల్ ఆవిడ జాగ్రత్తలు చెప్పింది. ఇంటికెళ్లగానే బాగా నీళ్లు తాగుతాడు, ఒక్కసారే కాకుండా కొంచెంకొంచెంగా పెట్టండి. ఒకటిరెండ్రోజులు నిద్రే నిద్ర... అక్కడ ఇన్ని కుక్కల మధ్య పగలు పడుకోరు. ఓ రోజు విరేచనం పల్చగా అయితే భయపడొద్దు. దగ్గు వచ్చినా, రక్తం కనిపించినా, రెండోరోజుకీ తిండి ముట్టకపోయినా డాక్టరు దగ్గరికెళ్లండి. చెవులూ, వేళ్ల సందులూ, తోక కిందా గోమార్లున్నాయేమో చూడండి. ఆమె చెప్పినవాటిలో మావాడికి వచ్చింది నిద్రొక్కటే. మర్నాడు మధ్యాహ్నందాకా పడుకున్నాడు.

'సంక్రాంతికి వెళ్లేట్టయితే ఇప్పుడే చెప్పండి. పండగలకీ, వేసవి సెలవులకీ ముందే నిండిపోతాయి' అంది వచ్చేటప్పుడు. రోజుకి ఎనిమిదొందల చొప్పున లెక్కకట్టి ఇచ్చాను. అంత డబ్బు ఇంత సంతోషంగా ఇచ్చిన సందర్భాలు నా జీవితంలో తక్కువ.

ఆ సాయంత్రం అమ్మ తువ్వాలు తీసి చూసింది. మట్టి, కుక్క వెంట్రుకలు, చిరుగులు. నాన్న వాసన ఇంకా ఏమైనా మిగిలుంటే అది టైగర్ ఒక్కడికే తెలియాలి. మళ్లీ బీరువాలో పెడుతుందేమో అనుకున్నాను. పెట్టలేదు. మడతపెట్టి వాడి గోనెపట్టా మీద పరిచింది. పరిచి, అక్కడే గోడకానుకుని కూర్చుని అంది...

'కాశీలో ఇంకోటి కూడా వదిలేశానురా.'

'ఏమిటమ్మా?'

'మీ నాన్న మీద కోపం. కుక్క కోసం కాశీ మానుకున్నాడని ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నాను. ఎనిమిదిరోజులు దీన్ని వదిలి ఉండేసరికి ఆయనకెందుకు కాళ్లాడలేదో తెలిసింది.'

టైగర్ ఓ కన్ను తెరిచి చూశాడు. తన గురించే అనుకుని కాబోలు, తోక రెండుసార్లు నేలకి కొట్టి మళ్లీ పడుకున్నాడు.