లాడ్ బజారు గాజులు, మన పిడికెడు బియ్యము



పెండ్లి కుదిరిన ఇంటివారు హైదరాబాదు వెళ్తే చార్మినార్ చూడకుండా, పక్కనే ఉన్న లాడ్ బజారులో గాజులు కొనకుండా తిరిగి రారు. 1591లో కట్టిన ఆ చార్మినార్‌కు పడమటి వైపున సాగే వీధి అది. కొట్ల నిండా మెరిసేవి ఎక్కువగా లక్క గాజులే. (విశ్వాసులు గాజులు వేసుకోవడము తగునా తగదా అని మన సంఘములలో చాలా వాదము నడిచింది. దానిని ఇక్కడ ఎత్తము.) 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ. గుర్తింపు వచ్చింది. వేరే చోట చేసిన గాజులను ఆ పేరుతో అమ్మకూడదని దాని అర్థము. పేరుకు ఆ విధముగా రక్షణ దొరికింది. మరి చేసే చేతులకు ఏమి దొరుకుతున్నది? ఈ నెల మేము మాట్లాడదలచుకున్నది ఆ సంగతే.

మా సంఘములో ఒక అమ్మాయి పెండ్లికి గాజులు కొనడానికి స్త్రీల సమాజము వారు బయలుదేరితే, సంచులు మోయడానికి మేమును వెంట వెళ్ళాము. బేరము తెగిన తరువాత మా అమ్మగారు ఊరుకోక, "ఇవి ఎక్కడ చేస్తారు బాబూ?" అని అడిగారు. కొట్టు యజమాని మర్యాదస్థుడు. తన తమ్ముణ్ణి తోడిచ్చి, సరుకు వచ్చే ఇండ్లలో ఒక ఇంటికి పంపాడు.

రెండు సందులు దాటితే ఒకే గది ఇల్లు. ఇంటాయన బొగ్గుల కుంపటి ముందు కూర్చుని రంగు కలిపిన లక్కను కరిగించి, కడ్డీలాగా సాగదీసి, సన్నగా అదిమి, లోహపు కడియము మీద పరుస్తున్నాడు. అది ఇంకా వేడిగా ఉండగానే ఆయన భార్య, కోడలు చిన్న చిన్న అద్దపు రాళ్ళను ఒక్కొక్కటిగా అద్దుతున్నారు. లక్క చల్లారితే రాయి పట్టదు, మరీ వేడిగా ఉంటే వేళ్ళు కాలుతాయి. ఎండాకాలములో కూడా ఫ్యాను వేయరు, గాలికి లక్క బిగుసుకుపోతుందట. ఆ తల్లి వేలి కొనలు తాకి చూసి మా సమాజము వారు నోట మాట లేకుండా నిలబడ్డారు. నాట్లు వేసే చేతులు వారివి, మెత్తనివేమీ కావు. అయినా అలాంటి వేళ్ళు వారు చూడలేదు.

"ఆపా, ఇంత పనితనము ఉన్నప్పుడు మీరే కొట్టు పెట్టుకోవచ్చు గదా" అన్నారు మా అమ్మగారు. ఆమె నవ్వి, తన ఉర్దూలో చెప్పినదాని సారాంశము ఇది. లక్క సేటుది, రాళ్ళు సేటువి, కడియాలు సేటువి. మాకు వచ్చేది డజను లెక్కన కూలి. సొంతముగా సరుకు తెచ్చుకుంటే మిగులుతుంది, కాని తెచ్చుకోవడానికి చేతిలో రూపాయి ఉండాలి గదా పాద్రీ సాబ్. ఒకసారి అప్పు చేసి తెచ్చారట. మిగిలినదంతా ఆ అప్పు తినేసిందట. గోడకు మేకున వేలాడుతున్న చిన్న పుస్తకము చూపించింది. రోజువారీ ఫైనాన్సు పుస్తకము అది.

ఆ ఫైనాన్సు లెక్క పల్లెలలో ఉన్న మనకు కొత్త కాదు గాని, కూర్చుని వేసి చూసినవారు తక్కువ. చేతికి ఇచ్చేది 8,500 రూపాయలు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. "పది వేలకు పదిహేను వందలే గదా" అనిపిస్తుంది. కాని మొదటి రోజు నుండే అసలు తిరిగి వెళ్ళిపోతున్నది. యాభై రోజులు గడిచేసరికి సగము సొమ్ము మన చేతిలో లేదు, వడ్డీ మాత్రము మొత్తానికి పడింది. సరిగా లెక్క కడితే అది నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ. మన ఊళ్ళో షావుకారు రెండు రూపాయలు, మూడు రూపాయలు అంటేనే గొణుక్కుంటాము. లక్క గాజు మీద పదిరూపాయల వడ్డీని మించిన లాభము ఎక్కడ నుండి వస్తుంది?

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో తిరుగలి రాయిని తాకట్టుగా తీసుకోవద్దని ధర్మశాస్త్రము కట్టడ చేస్తున్నది. పిండి విసిరే రాయి పోయిన ఇంట రొట్టె ఉండదు. బీదవాని దగ్గర వడ్డీ తీసుకోవద్దన్న ఆజ్ఞ నిర్గమకాండములోనే ఉన్నది. వడ్డీ విషయములో ముస్లిము సోదరుల పట్టుదల మనందరికీ తెలిసినదే. పాతబస్తీలో నగ కుదువ పెట్టుకుని వడ్డీ లేకుండా అప్పు ఇచ్చే బైతుల్ మాల్ సంస్థలు పనిచేస్తున్నాయి. హైదరాబాదులో పుట్టి, పరదేశములలో పండితుడుగా పేరుపొంది, 2002లో కన్నుమూసిన ముహమ్మద్ హమీదుల్లా గారు ఈ నగరములోని వడ్డీలేని సహకార సంఘములను గురించి ప్రత్యేకముగా వ్రాసి లోకానికి తెలిపారు. అయితే నగ ఉన్నవారికే ఆ తలుపు తెరుచుకుంటుంది. నగ ఎప్పుడో అమ్ముకున్న ఆ తల్లికి రోజువారీ పుస్తకమే మిగిలింది.

ఇది పట్నము కథ అని మీరు అనుకోవద్దు. గ్రూపు లోన్ల కాలము మన పల్లెలలో ఎవరు మరిచిపోయారు? మా సంఘములో కుట్టుపని చేసుకునే ఒక సహోదరి ఉన్నది. వారము వారము కట్టే లోను రెండు వాయిదాలు తప్పితే, సంస్థ మనిషి వీధిలో నిలబడి గ్రూపు వారందరినీ కూర్చోబెట్టాడు. చీకటి పడినా లేవనివ్వలేదు. చివరికి గ్రూపులోని స్త్రీలే వెళ్ళి ఆమె కుట్టు మిషను బయటకు తెచ్చారు. ఆ సంస్థ పేరు మనకు అవసరము లేదు. ఆ మిషనే ఆమె తిరుగలి రాయి, మాకు కావలసినది అంతే. ఆ లోను కూడా "నూటికి పన్నెండే" అని ఇచ్చినది. 10,000 మీద సంవత్సరానికి 1,200 వడ్డీ కలిపి, యాభై వారాలు, వారానికి 224. పైన చెప్పినట్లే అసలు తగ్గుతూ పోతుంటే వడ్డీ తగ్గదు గనుక, అది పన్నెండు కాదు, దాదాపు ఇరవై నాలుగు. అంటే మన షావుకారు రెండు రూపాయల వడ్డీయే, చొక్కా మార్చుకుని వచ్చింది.

ఆత్మహత్యల వార్తలు పెరిగిన తరువాత 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళకు కళ్ళెము వేసింది. తరువాత అది చట్టమయింది. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకు ఆ చట్టము వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పునిచ్చింది. కాబట్టి చట్టము కాపాడుతుందిలే అని కూర్చోవడము తెలివి కాదు.

అప్పుడు గ్రూపు అన్నారు, ఇప్పుడు మేము చెప్పబోయేదీ గ్రూపే. తేడా ఎక్కడ? సొమ్ము ఎవరిది, లెక్క ఎవరు వ్రాస్తారు, వడ్డీ ఎవరి ఇంటికి పోతుంది అన్నవి చూడండి. లోను గ్రూపులో పొరుగింటి స్త్రీ జామీను మాత్రమే. సొమ్ము దూరాన ఉన్న పెట్టుబడిదారునిది. సొంత పొదుపు సంఘములో సొమ్ము ఆ పొరుగింటి స్త్రీదే, నియమము ఆమె పెట్టినదే, వడ్డీ తిరిగి ఆమె పుస్తకములోకే వస్తుంది.

ఇటువంటి సంఘములకు దారి వేసినది మన తెలుగు నేలే. 1995లో మన రాష్ట్రములో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చింది. ప్రభుత్వము వాటా పెట్టదు, అధికారిని తెచ్చి నెత్తిన కూర్చోబెట్టదు. సభ్యులే నియమావళి వ్రాసుకుని, ఎన్నిక జరుపుకుని, ఏటేటా ఆడిట్ చేయించుకోవాలి. దేశములో అలాంటి చట్టము అదే మొదటిది. ఆ చట్టానికి చాలా ముందే, 1956లో, ఇప్పటి హనుమకొండ జిల్లా ములుకనూరులో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు 373 మంది రైతులతో సహకార గ్రామీణ బ్యాంకు ఆరంభించారు. అప్పుతో ఆగక ఎరువులు, వరి విత్తనము, బియ్యము మిల్లు దాకా అది పెరిగింది. 2000లో అక్కడి స్త్రీలు తమ సొంత పాల డెయిరీ పెట్టుకున్నారు. వీలైతే ఒకసారి వెళ్ళి చూడండి. యాత్రలకు బస్సు మాట్లాడుకుంటాము గదా, ఒక బస్సు అటు కూడా పోవచ్చు.

ఇంకా వెనక్కు వెళ్తే, 1846-47 కరవులో జర్మనీలోని ఒక కొండ ప్రాంతపు పల్లెకు మేయరుగా ఉన్న ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజెన్ అనే ప్రొటెస్టంటు విశ్వాసి కనిపిస్తాడు. ముందు ఆయన ధనవంతుల దానముతో బీదలకు రొట్టె పంచే సంఘము పెట్టాడు. దానము మీద నడిచేది ఎంతో కాలము నిలువదని అనుభవము మీద తెలుసుకుని, 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో రైతులు తమలో తాము అప్పు ఇచ్చుకునే సంఘము స్థాపించాడు. ఆ పద్ధతిని చదివి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక వ్రాసినవాడు ఫ్రెడరిక్ నికల్సన్. 1904లో దేశానికి మొదటి సహకార పరపతి చట్టము వచ్చింది.

మధ్యధరా సముద్రము చుట్టుపక్కల దేశములలో నేడు దీనినే సంఘీభావ ఆర్థిక వ్యవస్థ అని పిలుస్తున్నారు. పేరు పెద్దది, సంగతి మనకు తెలిసినదే. ఇటలీలో 1991లో, స్పెయిను దేశములో 2011లో, ట్యునీషియాలో 2020లో దీని కొరకు చట్టములు చేశారు. మొరాకో దేశములో ఆర్గాన్ చెట్టు గింజలను చేతితో పగలగొట్టి నూనె తీసే పల్లె స్త్రీలు సహకార సంఘములుగా కూడి అమ్ముకుంటున్నారు. స్పెయినులోని మోండ్రగాన్ పట్టణములో ఒక పేద పారిష్ ఫాదరు ముందు పనివారి పిల్లలకు బడి పెట్టాడు. ఆ బడిలో చదివినవారు పనివారే యజమానులుగా తొలి కర్మాగారము తెరిచిన సంవత్సరము 1956. మన ములుకనూరు సంవత్సరమే!

ఆ సముద్రము మీదనే పౌలు ప్రయాణము చేశాడు. మాసిదోనియ, అకయ సంఘముల వారి దగ్గర చందా ప్రోగుచేసి, యెరూషలేములోని బీద పరిశుద్ధులకు తీసుకువెళ్ళాడు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయము మనము కానుకల ఆదివారమున చదువుతాము. అక్కడ ఒక చిన్న సంగతి చాలామంది కళ్ళు దాటిపోతుంది. ఆ సొమ్ము విషయములో తన మీద ఎవరూ తప్పు మోపకుండా, సంఘములు ఏర్పరచిన మనుష్యులను పౌలు తోడు ఉంచుకున్నాడు. అపొస్తలుడే లెక్కకు సాక్షులను కోరుకున్నాడన్న మాట.

ఆ సంగతి ఊరకే ఎత్తలేదు. సహకారము అని బోర్డు పెట్టినంత మాత్రాన సొమ్ము భద్రము కాదు. 2001లో కృషి సహకార అర్బన్ బ్యాంకు మునిగింది. ఆ తరువాత కొద్ది ఏళ్ళలోనే చార్మినార్ పేరు పెట్టుకున్న సహకార బ్యాంకు కూడా కూలింది. పెన్షను డబ్బు, ఆడపిల్ల పెండ్లి డబ్బు దాచుకున్నవారు వాటి గుమ్మముల ముందు ఏడ్చారు. ఆ బ్యాంకులలో సభ్యులు వేలమంది. లెక్క చూసినవారు ఎందరు?

ఇక మన పిడికెడు బియ్యము దగ్గరకు వద్దాము. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయడము మన తెలుగు సంఘముల స్త్రీలు తరతరాలుగా చేస్తున్నదే. పూట గడవని ఇండ్లలో కూడా ఆ డబ్బా ఖాళీగా ఉండదు. పొదుపు చేతకాదని బీదవారిని అనేవారు ఒకసారి ఆ డబ్బా మూత తీసి చూడాలి. లాడ్ బజారు నుండి తిరిగి వచ్చిన నెలలో మా స్త్రీల సమాజము వారు దీనిని గురించి కూడుకున్నారు. బియ్యము కానుక దేవునిది, అది యథాప్రకారము మందిరానికే పోవాలన్నారు. దానికి వేరుగా వారానికి కొంత పొదుపు వేసి, వేరే పుస్తకము, వేరే పెట్టె పెట్టాలన్నారు.

గొడవ అంతా ఆ తరువాతనే. ఎవరు చేరవచ్చు? కుట్టు మిషను పోగొట్టుకున్న సహోదరి ఇంటి పక్కన ఒక ముస్లిము స్త్రీ బీడీలు చుడుతుంది. ఇంకా ముగ్గురు మన సంఘమునకు చెందనివారు పేరు ఇస్తామన్నారు. ఒక పెద్ద, మంచివాడే, లేచి, "అయ్యగారూ, మందిరము నీడన పెట్టిన పెట్టె బయటివారికి ఎలా తెరుస్తారు?" అన్నాడు. ఆ మాట తేలికగా తీసివేయదగినది కాదు. మేము చెప్పినది ఒక్కటే. కానుక పెట్టె సంఘముది, పొదుపు పెట్టె వీధిది. ఫైనాన్సు మనిషి వీధిలోకి వచ్చినప్పుడు ఎవరు ఏ మందిరానికి పోతారని అడగడు. జామీనుకు పనికివచ్చిన పొరుగువారు పొదుపుకు పనికిరారా?

చివరకు పదిహేడు మంది పేర్లు వ్రాసుకున్నారు, ఆ నలుగురితో కలిపి. పెట్టె మందిరములో ఉండదు, బడి వరండాలో కూడుకుంటారు. తాళము చెవులు ముగ్గురి దగ్గర, అయ్యగారి దగ్గర ఒక్కటీ ఉండకూడదు. ఈ నియమము మేమే అడిగి వ్రాయించాము. ప్రతి కూడికలో లెక్క బిగ్గరగా చదవాలి. కుట్టు మిషను, బర్రె, గుడ్డలు ఉతికే రాయి వంటి బ్రతుకుతెరువు వస్తువును ఎవరూ తాకట్టు పట్టకూడదు.

వడ్డీ మాత్రము ఇంకా తేలలేదు. నెలకు రూపాయి పెట్టుకుందాము, ఆ వడ్డీ మనకే గదా అని కొందరు, అసలు వద్దని బీడీలు చుట్టే ఆమె, ఆమెతోపాటు మన సంఘములోని ఇద్దరు విధవరాండ్రు. రెండు శనివారములు మాట్లాడుకున్నారు. ఈ శనివారము మళ్ళీ కూడుతున్నారు.